ఒక మేకంత ఇనుము

జ్ఞానాపురంలో పొద్దున్నే నా మొదటి పని
ల్యాబు కిటికీ గట్టు తుడవడం.
రాత్రంతా రేవు గాలి మోసుకొచ్చిన ఎర్రదుమ్ము.
తుడిచిన గుడ్డ ఉతికితే
బకెట్లో నీళ్లు పారాణి కలిపినట్టుంటాయి.
కిరండూల్ కొండలు తవ్వి బళ్లకెత్తి
ఈ ఊరిమీదుగానే ఓడలెక్కిస్తారు ఇనుమంతా.
ఆరేసిన చీరల మీద ఇనుము,
తుమ్మితే రుమాల్లో ఇనుము.

అరిజిల్లి ఎర్రమ్మ నెత్తురులో మాత్రం లేదు.

ఆరు పాయింటు నాలుగు.
మిషను తప్పు చెప్పిందేమోనని మళ్లీ చేశాను.
ఆరు పాయింటు మూడు.

"ఎంత తీసీసినావమ్మా! ఉన్నదే సుక్క"
బల్లమీది సీసాని భయంగా చూసింది.
పేరులో తప్ప ఆవిడలో ఎక్కడా ఎరుపు లేదు.
కనురెప్ప కిందికి లాగితే
లోపల కడిగిన రొయ్య రంగు.
హార్బరు షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది,
తెల్లారుజాము నుంచి ఐసునీళ్లలో చేతులు.
గోళ్లు చెంచాల్లా గుంటలు పడ్డాయి.
రాస్ హిల్ మెట్లు పది ఎక్కితే దడ.
"వయసు" అంటుంది. ముప్పయ్యారు.

"దేనికైనా నోరూరుతుందా?" డాక్టరమ్మ అడిగితే
తలొంచుకుంది.
చిన్నకూతురు చెప్పేసింది:
"డబ్బాలో బియ్యం అలాగే నమిలేస్తాదండి.
నా బలపాలు కూడా."

స్లైడు పెట్టి చూశాను.
నిండుగా ఉండాల్సిన కణాలు
చిన్నవై, పాలిపోయి,
చిల్లు మరీ పెద్దదైపోయిన గారెల్లా.
మనిషి ఒంట్లో ఇనుమంతా పోగేస్తే
ఒక్క మేకంత ఉంటుందట.
గోడకి ఫోటో తగిలించే మేకు.
ఆ మేకుకే వేలాడుతున్నాయి
నీళ్లబిందెలు, షెడ్డు, పొయ్యి, ముగ్గురు పిల్లలు.

ఎటు పోయింది మరి?
వేట బందు పెట్టిన రెండు నెలలూ
ఇంట్లో ముందు మాయమయ్యేది పప్పు.
అందరికీ పెట్టాక అడుగు గీకి తిని
వెంటనే గ్లాసుడు టీ.
తిన్న కూడులో ఉన్న కాస్త ఇనుమునీ
ఆ టీ ఒంటికి పట్టనివ్వదు.
అది కొంతే.
అసలు సంగతి మూడేళ్లుగా
కొంగు ముడిలో దాచింది:
నెలకి పది రోజులు. గడ్డలుగడ్డలుగా.
పాత చీరలు చాలక పెద్దపిల్ల చున్నీ కూడా.
"ఆడోళ్లకి అవుద్ది గదమ్మా, అదేటి రోగమా?"

స్కానులో గర్భసంచిలో నిమ్మకాయంత కణితి.
"తూము తెరిచిపెట్టి తొట్టి నింపితే ఏం లాభం"
అంది డాక్టరమ్మ, కేజీహెచ్‌కి చీటీ రాస్తూ.

అక్కడ ఎవరిదో రక్తం ఒక సంచి ఎక్కించారు.
తర్వాత బిళ్లలు.
పన్నెండో రోజున కోపంగా వచ్చింది.
"నీ బిళ్లలు నాకొద్దు. దొడ్డికెళ్తే తారు!
నోరు సూస్తే పాత తాళంకప్ప నాకినట్టుంది."
నలుపు ఆ బిళ్లలదే, భయం లేదన్నాను.
నిమ్మరసంతో వేసుకో అన్నాను.
టీకీ దానికీ గంటన్నర ఎడం,
లెక్క సరైనా ఇంకో మూడు నెలలు మానొద్దు.
గోడమీది బొమ్మ చూపించి మళ్లీ చెప్పాను.
ఆవిడ గోడని చూడలేదు. నన్నే చూసింది.

ఎనిమిది.
ఎనిమిదీ రెండు.
ఒక నెల రాలేదు,
మంగమారిపేటలో చావుకెళ్లిందట, బిళ్లలు ఇంట్లోనే.
ఏడూ తొమ్మిది.
కణితికి మందు పడి నెత్తుర్లు తగ్గాక
తొమ్మిదిన్నర.

మొన్న మధ్యాహ్నం, పదీ ఆరు.
పేపరు పొట్లంలో ఎండురొయ్యలు తెచ్చింది.
"రాస్ హిల్ మెట్లన్నీ ఎక్కీసినానమ్మా, ఆగకండా.
పైకెళ్లాక ఏటి సెయ్యాలో తెల్దు.
దిగొచ్చీసినాను."

అప్పుడే మూతేసిన నా క్యారేజీ,
పక్కన పొగలు కక్కుతూ టీ గ్లాసు.
రెండూ చూసింది.
"గంటన్నర అన్నావు గదా?"
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
నా కళ్లలోకి, కళ్ల కిందికి చూసింది,
రొయ్య తాజాదా కాదా చూసినట్టు.
"నీదెంతమ్మా?"

పదకొండేళ్లు ఈ కుర్చీలో
ఎన్ని వేళ్లు పొడిచానో లెక్కలేదు.

ఆవిడ వెళ్లాక
ఎడమచేతి ఉంగరం వేలు
స్పిరిటుతో తుడిచాను.
దూదికి ముందు అంటుకుంది
కిటికీ గట్టు ఎరుపు.